తీగ పీకి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్రోమ్‌కి ఇరవై రెండు ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, తగిలించావు. ఫోన్‌లో జాగా అయిపోయింది. "మీకు తెలియని పది అద్భుత వెబ్‌సైట్లు" లాంటి వీడియోలు ఒక్కటీ వదలవు. అయినా పని మీద పడ్డప్పుడు ఏదీ అక్కరకు రావట్లేదు అన్నావు. రోజూ ఆన్‌లైన్ పనులు చేసేవాళ్లు నిజంగా ఏం వాడతారు, అవి వాళ్లకెలా దొరుకుతాయి అని కదా నువ్వడిగింది.

నాకు నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో, బస్టాండు పక్కన జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పదహారేళ్లయింది. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు పరీక్షల అప్లికేషన్లు, భూమి కాగితాలు, పాన్ కార్డులు, బస్సు టికెట్లు. కాబట్టి నేను చెప్పేవన్నీ కౌంటర్ అవతల మనిషి గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నప్పుడు పనికొచ్చినవే.

ముందు ఆ వీడియోల సంగతి. పని లేనప్పుడు చూసిన పనిముట్టు పని ఉన్నప్పుడు గుర్తురాదు, అది నీ తప్పు కాదు. నేను వాడేవాటిలో ఒక్కటి కూడా జాబితా చూసి నేర్చుకోలేదు. ప్రతిదీ ఏదో ఒక ఇరకాటంలో దొరికిందే. ఆ ఇరకాటం గుర్తుంటుంది కాబట్టి పనిముట్టూ గుర్తుంటుంది.

బ్యాంకు పరీక్షల సీజన్ తీసుకో. ఐబీపీఎస్ అప్లికేషన్‌లో ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్యలో ఉండాలి, 200 బై 230 పిక్సెళ్లు. సంతకం 10 నుంచి 20 కేబీ, 140 బై 60. చేత్తో రాసిన డిక్లరేషన్ 50 నుంచి 100 కేబీ. పిల్లలు తెచ్చేదేమో ఫోన్‌లో తీసిన నాలుగు ఎంబీల ఫొటో. ఎక్కువైతే సైట్ తోసేస్తుంది, మరీ తక్కువైనా తోసేస్తుంది. మొదట్లో నేనూ అందరిలాగే గూగుల్‌లో "ఫొటో సైజు తగ్గించడం" అని కొట్టి, పైన ఏది వస్తే అది తెరిచేవాణ్ణి. సర్టిఫికెట్లను ఒకే పీడీఎఫ్‌గా కలపడానికీ అంతే.

ఒకసారి ఒకమ్మాయి పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ కలిపి ఒకే ఫైలు చేసిపెట్టాను. సైట్ పేరు చెప్పను, ఉచితమే. డౌన్‌లోడ్ లింకును మర్చిపోకుండా నోట్‌ప్యాడ్‌లో అతికించుకున్నాను. నాలుగు రోజుల తర్వాత ఇంట్లో వేరే కంప్యూటర్ మీద, ఊరికే చూద్దామని ఆ లింకు తెరిచాను. పాస్‌వర్డ్ లేదు, లాగిన్ లేదు, ఆ పిల్ల ఆధార్ నా కళ్లముందు తెరుచుకుంది. ఆ లింకు ఎవరి చేతికి చిక్కినా అంతే. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అంతకుముందు అలా ఎన్ని వందల మంది కాగితాలు పంపి ఉంటానో లెక్క లేదు.

అప్పటినుంచి నా దగ్గరకు ఏ కొత్త సైట్ వచ్చినా ఒకటే పరీక్ష. తీగ పీకి చూస్తాను. అంటే ఇంటర్నెట్ తీసేసి చూస్తాను.

ఎలాగంటే, చూసినవాటి గుర్తులు దాచుకోని ఇన్‌కాగ్నిటో విండోలో ఆ సైట్ తెరువు. ముందు ఏదో పువ్వు ఫొటోతో ఒకసారి మొత్తం పని చేయించు, ఎందుకంటే కొన్ని సైట్లు అసలు సరంజామాను మొదటి వాడకంలోనే దించుకుంటాయి. ఆ తర్వాత వైఫై ఆపెయ్యి. ఇప్పుడు అసలు ఫైలు ఇవ్వు. పని జరిగి ఫైలు సేవ్ అయ్యిందంటే పనంతా నీ కంప్యూటర్లోనే జరిగినట్టు. సేవ్ చేసుకుని, ఆ విండో మూసేసి, అప్పుడు వైఫై వెయ్యి. అలా కాకుండా చక్రం తిరుగుతూ ఉండిపోయిందా, ఎర్ర అక్షరాలు వచ్చాయా, నీ ఫైలు ఎక్కడికో ప్రయాణం కట్టాల్సిందే అన్నమాట. తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారే, ఇక్కడ అచ్చంగా అదే.

ఇంటర్నెట్ లేకుండా వెబ్‌సైట్ ఎలా పనిచేస్తుందని మా సెంటర్‌కు వచ్చే కుర్రాళ్లు వింతగా చూస్తారు. బ్రౌజర్ అంటే పేజీలు చూపించే అద్దం అనుకుంటాం గానీ, అది సొంతంగా లెక్కలు చేయగలదు. 2017 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలో వెబ్‌అసెంబ్లీ అనే ఏర్పాటు ఉంది. వెనకటికి కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకుంటే తప్ప నడవని బరువైన ప్రోగ్రాములను బ్రౌజర్ లోపలే దాదాపు అంతే వేగంగా నడిపిస్తుంది. సైట్ నుంచి వచ్చేది పనిముట్టు మాత్రమే. పని జరిగేది నీ బల్ల మీద.

ఈ పరీక్షలో నెగ్గిన మొదటిది స్క్వూష్. గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ వాళ్లు 2018లో పెట్టారు. ఫొటో వేస్తే తెర రెండుగా చీలుతుంది, ఎడమ పక్క అసలుది, కుడి పక్క తగ్గించినది. మధ్య గీతను అటూ ఇటూ జరుపుతూ, ముఖం చెడకుండా ఎంతవరకు తగ్గించొచ్చో చూసుకోవచ్చు. కింద కేబీ అంకె అప్పటికప్పుడు మారుతుంటుంది. పిక్సెళ్లు కూడా అక్కడే ఇచ్చేయొచ్చు. ఐబీపీఎస్ సంతకం నాకిప్పుడు అర నిమిషం పని. ఒక చిట్కా: సంతకం తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో పెట్టించి, నీడ పడకుండా తీయి. నీడలుంటే ఎంత కుదించినా కేబీలు దిగవు.

రెండోది ఫొటోపీ. చూస్తే ఫొటోషాప్ అనే అనుకుంటావు. ఇవాన్ కుట్స్‌కిర్ అనే ఒక్క మనిషి 2013లో మొదలుపెట్టి కట్టుకొచ్చాడు. ఫ్లెక్సీ డిజైనర్లు పంపే పీఎస్‌డీ (ఫొటోషాప్) ఫైళ్లు పొరలతో సహా తెరుచుకుంటాయి. పక్కన ప్రకటనలుంటాయి, వాటి మీదే దాని బతుకు, కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ఫైలు మాత్రం నీ దగ్గరే ఉంటుంది. పాస్‌పోర్ట్ ఫొటో వెనక రంగు మార్చడం, ఫ్లెక్సీలో ఒక పేరు సరిదిద్దడం, దీన్ని మించి మాలాంటి సెంటర్‌కి ఏం కావాలి?

పీడీఎఫ్‌ల దగ్గర చాలామందికి అసలు ఏ సైటూ అక్కర్లేదు. నువ్వూ ఇది చేసి చూడు. నలభై పేజీల నోటిఫికేషన్‌లో మూడు పేజీలే కావాలి. ఆ ఫైలును క్రోమ్‌లోకి లాగి, ప్రింట్ నొక్కి, ప్రింటర్ బదులు "పీడీఎఫ్‌గా సేవ్" ఎంచుకుని, పేజీల దగ్గర 7-9 అని కొట్టు. అయిపోయింది. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ అడుగుతుంది కదా, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పక్కనే పుట్టిన సంవత్సరం. దాన్ని తెరిచి ఇదే దారిలో సేవ్ చేస్తే పాస్‌వర్డ్ లేని కాపీ వస్తుంది. అప్లికేషన్‌లో పెట్టడానికి ఇది కావాలి, కానీ ఇలాంటి కాపీని కంప్యూటర్లో పడేసి మర్చిపోకు. హోటల్ గదికో, అద్దె ఇంటికో ఇచ్చేదైతే డౌన్‌లోడ్ చేసేటప్పుడే మాస్క్‌డ్ ఆధార్ ఎంచుకో, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఇక ఫారంలో పేరు, ఊరు నింపాలంటే ఫైర్‌ఫాక్స్‌లో పీడీఎఫ్ తెరిచి దాని మీదే టైపు చేయొచ్చు. 2022 నుంచి ఆ సౌకర్యం ఉంది. పదేళ్లుగా ఫైర్‌ఫాక్స్ వాడుతూ కూడా ఈ సంగతి తెలియక, ప్రింట్ తీసి పెన్నుతో నింపి మళ్లీ స్కాన్ చేసేవాళ్లను చూశాను.

ఫైళ్లు కలపడం మాత్రం చాలా బ్రౌజర్లకు సొంతంగా చేతకాదు. బార్సిలోనా నుంచి నడిచే ఐలవ్‌పీడీఎఫ్ లాంటి పేరున్న సైట్లు ఫైలును తమ సర్వర్‌కు తీసుకుని పనిచేస్తాయి, కొంతసేపటికి చెరిపేస్తామని రాసుకుంటాయి. సర్వర్‌కు పంపడం పాపమేమీ కాదు. సిలబస్సో, పెండ్లి పత్రికో అయితే నేనూ నిక్షేపంగా పంపిస్తాను. ఆధార్, మెమో, బ్యాంకు పాస్‌బుక్ అయితే పంపను, తీగ పీకినా నడిచేదే వెతుక్కుంటాను. అది దొరకని రోజున కాగితాలన్నీ వరసగా స్కానర్లో పెట్టి ఒకే ఫైలుగా తీస్తాను. పాత పద్ధతి, నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఫైలు రావడం ఇంకో రోజువారీ తలనొప్పి. వెనకటికి అందరి ఫోన్లలో షేర్‌ఇట్, జెండర్ ఉండేవి. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు అవి పోయాయి, క్యామ్‌స్కానర్ కూడా పోయింది. ఆ వారం మా సెంటర్లో గందరగోళం చెప్పనలవి కాదు. అప్పుడు జనం అలవాటుపడింది వాట్సాప్‌కి. సెంటర్ వాడి నంబరుకు ఆధార్ పంపేసి వెళ్లిపోతారు. తమ్ముడూ, ఆ ఫొటో సెంటర్ ఫోన్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, పైగా వాట్సాప్ ఫొటోను నలిపేస్తుంది కాబట్టి అక్షరాలు అలుక్కుపోతాయి. నేను పెయిర్‌డ్రాప్ అనే సైట్ వాడతాను. ఒకే వైఫై మీదున్న ఫోన్లో, కంప్యూటర్లో అదే పేజీ తెరిస్తే ఒకదానికొకటి కనిపిస్తాయి, నొక్కితే ఫైలు నేరుగా ఇటు వచ్చేస్తుంది. యాప్ అక్కర్లేదు, నంబర్ ఇచ్చిపుచ్చుకోవడం లేదు. వచ్చిన ఫైలు డౌన్‌లోడ్స్‌లో పడుతుంది, మనిషి మెట్లు దిగేలోపే దాన్ని చెరిపేస్తాను. నువ్వు సెంటర్‌కు వెళ్లినప్పుడు చెరిపేయమని అడుగు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

తెలుగు పనికి వస్తే నాకు కాస్త ఎక్కువ మాట్లాడాలనిపిస్తుంది. టైపింగ్‌కి నా చేతికి అలవాటైంది లేఖిని. వీవెన్ గారు పెట్టిన సైట్, పైన ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కింద తెలుగు వస్తుంది. ఇప్పుడు ఫోన్లన్నిటిలో తెలుగు కీబోర్డు ఉంది గనక ఈ తరానికి దాని విలువ తెలియదు. తెలుగు కీబోర్డు లేని పరాయి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ అదే దిక్కు. మాటకు అర్థం కావాలంటే ఆంధ్రభారతి నిఘంటు శోధన. ఒక మాట కొడితే 1852 నాటి బ్రౌను మొదలుకొని శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్ర దాకా ఏ నిఘంటువు ఏమంటోందో ఒకే పేజీలో వరుసగా వచ్చేస్తుంది. పాత దస్తావేజుల్లో వచ్చే మాటలకు నేను దీన్ని తెరిచినన్నిసార్లు మరే సైటూ తెరిచి ఉండను.

ఇంకోటి, డీటీపీ సెంటర్లో కొట్టించిన మేటర్. పెండ్లి పత్రిక సాఫ్ట్ కాపీ తెచ్చి వాట్సాప్‌లో పెట్టాలంటారు. కాపీ చేసి అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. అది పాడైన ఫైలు కాదు. అను ఫాంట్లలో కొట్టినది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మల్ని పెట్టి నడిపించేవి, ఫాంట్ లేనిచోట లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనైనా చదవగలిగే మామూలు తెలుగు అక్షరాల్లోకి, మార్చే సైట్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తడబడతాయి. నా అడ్డదారి వేరే. ఆ పత్రికను బొమ్మగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరుస్తాను. అది బొమ్మలోని తెలుగును చదివి మామూలు అక్షరాలుగా ఇస్తుంది. ముహూర్తం అంకెలు, ఇంటిపేర్లు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. ఒకసారి చూసుకోక వరుడి ఇంటిపేరు మార్చేశాను, ఆ తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

ఇక నీ అసలు ప్రశ్న, ఇవి ఎలా దొరుకుతాయని. నేను వెతికేటప్పుడు "బెస్ట్ యాప్" అని ఎప్పుడూ కొట్టను. పనిని కొడతాను, దాని పక్కన "ఓపెన్ సోర్స్" అనో, "అప్‌లోడ్ లేకుండా" అనో ఇంగ్లీషులో చేరుస్తాను. ఓపెన్ సోర్స్ అంటే లోపలి కోడ్ ఎవరైనా తెరిచి చూడగలిగేది. ఆ రెండు మాటలకే సగం చెత్త రాలిపోతుంది. వాడుతున్నది నచ్చకపోతే ఆల్టర్నేటివ్‌టూ అనే సైట్‌లో దాని పేరు కొట్టి, బదులుగా జనం ఏం వాడుతున్నారో చూస్తాను. 2009 నుంచి ఉంది, అందులో ఉచితమైనవి, ఓపెన్ సోర్స్‌వి విడిగా వడపోసుకోవచ్చు. దొరికినదాన్ని తీగ పరీక్షకు పెడతాను. నెగ్గితే బుక్‌మార్క్, లేకపోతే మూసెయ్యడం.

గూగుల్‌లో పైన "స్పాన్సర్డ్" అని వచ్చేవాటిని ప్రభుత్వ పనులకు అసలు నొక్కకు. పాస్‌పోర్టు పేరుతో అచ్చంగా అలాగే ఉండే సైట్లు అక్కడే కాపు కాస్తుంటాయి. చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందా చూడు. బ్యాంకులకు కూడా రిజర్వు బ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామా తప్పనిసరి చేసి, 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. బ్యాంకు సైట్ అని చెప్పి ఆ తోక లేకపోతే ఆగి చూడు. బుక్‌మార్కులు కూడా ముసలివైపోతాయి. మా దగ్గర భూమి రికార్డుల సైట్ ధరణి 2020లో వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాత బుక్‌మార్కులు పెట్టుకున్న రైతుల పిల్లలు ఆ నెలంతా మా సెంటర్ చుట్టూ తిరిగారు.

ప్రభుత్వ సైట్లలో ఒక్కటి మాత్రం ఈ రోజే చూడు, సంచార్ సాథీ. నీ పేరు మీద ఎన్ని మొబైల్ నంబర్లు ఉన్నాయో ఓటీపీతో చూపిస్తుంది. ఆ సేవ 2021లో మొదట మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకే పెట్టారు, తర్వాత దేశమంతా వచ్చింది. ఒక పెద్దాయన పేరు మీద ఏడు నంబర్లు కనిపించాయి. ఆయన వాడేది ఒక్కటి, ఆ ఒక్కటీ బటన్ ఫోన్. మిగతావి నావి కావని అక్కడే నొక్కి పంపించాం. పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయడం కూడా ఆ సైట్‌లోనే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వాట్సాప్‌లో అనుమానపు లింకు వస్తే, చలాన్ అనో పీఎం కిసాన్ అనో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్‌ను ఎక్కించేది) వస్తే వైరస్‌టోటల్ అనే సైట్‌లో వేసి చూడు, డెబ్బైకి పైగా స్కానర్లతో ఒకేసారి చూపిస్తుంది. కానీ నీ సొంత కాగితాలు అందులో వేయకు, అక్కడికి వెళ్లిన ఫైళ్లు భద్రతా సంస్థలకు కూడా అందుతాయి. నోటిఫికేషన్ పేజీ రేపు మాయమవుతుందని భయముంటే వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో దాని లింకు ఇచ్చి భద్రపరచు. పొరపాటున మూసిన ట్యాబ్‌కి కంట్రోల్, షిఫ్ట్, టి. ఇది తెలియని ఇంజినీర్లు నాకు తెలుసు.

ఎక్స్‌టెన్షన్ల దగ్గర మాత్రం నేను పిసినారిని. వెబ్‌సైట్ మూస్తే పోతుంది. ఎక్స్‌టెన్షన్ నువ్వు నిద్రపోతున్నా బ్రౌజర్లో కూర్చునే ఉంటుంది. దానికి తీగ పరీక్ష కూడా పనికిరాదు, ఎందుకంటే ఇవాళ మంచిది రేపు మంచిగా ఉంటుందన్న పూచీ లేదు. ది గ్రేట్ సస్పెండర్ అని ఒకటుండేది, వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చేది. ఇరవై లక్షల మంది వాడేవారు, నేనూ వాడాను, చాలామందికి పెట్టిచ్చాను కూడా. 2020లో దాన్ని రాసినాయన వేరేవాళ్లకు అమ్మేశాడు. కొన్నవాళ్లు అందులో ఏవేవో కలిపారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాం, అని తీసిపారేసింది. వాడేవాళ్లకు ఇల్లు అదే, తలుపు అదే, యజమాని మారిన సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ పని క్రోమే సొంతంగా చేస్తుంది, మెమరీ సేవర్ అని సెట్టింగ్స్‌లో ఉంది.

ఇంటి ల్యాప్‌టాప్‌లో నావి రెండే. ఒకటి యూబ్లాక్ ఆరిజిన్, ప్రకటనల్ని ఆపేది. రేమండ్ హిల్ అనే ఆయన 2014 నుంచి రాస్తున్నాడు, విరాళం కూడా తీసుకోడు. క్రోమ్ నిబంధనలు మారాక అందులో పాతది ఆగిపోయి లైట్ అనే తేలికది మిగిలింది, పూర్తిది ఫైర్‌ఫాక్స్‌లో ఇంకా నడుస్తోంది. నేను ఫైర్‌ఫాక్స్‌లోనే ఉండిపోవడానికి సగం కారణం అదే. రెండోది బిట్‌వార్డెన్, పాస్‌వర్డ్‌ల కోసం. సెంటర్ కంప్యూటర్లో మాత్రం యూబ్లాక్ ఒక్కటే. పదిమంది కూర్చునే కంప్యూటర్లో పాస్‌వర్డ్ దాచేది పెట్టడమంటే ఇంటి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే.

నీ ఇరవై రెండింటి జాబితా చూశాను. స్క్రీన్‌షాట్‌ది తీసెయ్, ఫైర్‌ఫాక్స్‌లో పేజీ మీద కుడి క్లిక్ చేస్తే మొత్తం పేజీ ఫొటో తీసే వీలు ఉంది. పీడీఎఫ్‌ది పైన చెప్పాను. కూపన్లది ఏ కొనుగోలులోనైనా నీకు రూపాయి మిగిల్చిందా? క్రికెట్ స్కోర్‌ది నీ ఇష్టం, నేను అడ్డుపడను. వాతావరణం చూపించేదాని వివరాలు తెరిచి అనుమతుల దగ్గర చూడు. నువ్వు వెళ్లే ప్రతి సైట్‌లోని డేటాను చదవడానికి, మార్చడానికి అనుమతి తీసుకుంది. అందులో నీ బ్యాంకు పేజీ కూడా ఉంది. వాన పడుతుందో లేదో చెప్పడానికి దానికి అదెందుకు? ముందు దాన్ని పీకేసి, మిగిలిన పదిహేడింటి అనుమతులు కూడా ఇలాగే చూసి ఇక్కడ రాయి, ఆదివారం సెంటర్ మూశాక కూర్చుని చెప్తాను.